జనం లేని ఆటలో వినిపించిన కూత

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా, విశ్రాంత వ్యాయామోపాధ్యాయులొకరు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠమిది.)

అధ్యక్షులవారికి, గ్రంథపాలకులకు, కోతలు ముంచుకొస్తున్న ఈ రోజుల్లో కూడా తీరిక చేసుకుని వచ్చిన పెద్దలకు, తల్లులకు, ఒకప్పుడు నా దగ్గర డ్రిల్లు చేసి ఇప్పుడు నాకంటే తెల్లటి జుట్టుతో ఎదురుగా కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవారు దయచేసి ముందుకు రావాలి. నేను మాట్లాడబోయేదే ఖాళీ కుర్చీల గురించి కాబట్టి, ఉదాహరణ కోసం వాటిని నేనే అట్టేపెట్టించానని రేపు ఎవరూ అనకూడదు.

నాకిచ్చిన అంశం ప్రేక్షకులు లేకుండా జరిగిన ఆటలు. ఇది పేపర్లలో రాసేవారికి ఇవ్వవలసిన అంశం, నాకెందుకు ఇచ్చారో తెలియదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేత గుంజీలు తీయించినవాణ్ణి, సెలవుల్లోనూ పండగల్లోనూ ఊరూరా తిరిగి కబడ్డీ పోటీలకు అంపైరుగా ఈల ఊదినవాణ్ణి. ఆడేవాడికీ చూసేవాడికీ మధ్య, ఇద్దరి చేతా తిట్లు తింటూ నిలబడినవాణ్ణి. అందుచేత ఈ సంగతిని ప్రేక్షకుడి వైపు నుంచి కాక ఈల వైపు నుంచి చెబుతాను. జనం ఉంటే ఆటకు కళ వస్తుందని, ఆడేవాడికి ఊపు వస్తుందని అందరూ అంటారు, కాదనను. కానీ జనం లేని ఆటలు రెండేళ్ళపాటు టీవీలో చూశాక నాకు తోచింది వేరు. జనం బరువు అందరికంటే ఎక్కువగా ఎవరి మీద పడుతుందో తెలుసునా అండీ? ఆడేవాడి మీద కాదు. తీర్పు చెప్పేవాడి మీద. ఆ మాట దగ్గరికి కాస్త చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

ముందు సిడ్నీ వెళదాం. 2020 మార్చి 13, శుక్రవారం. ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు వన్డే మ్యాచ్. కరోనా భయంతో జనాన్ని రానివ్వలేదు. టాస్ వేయగానే ఇద్దరు కెప్టెన్లు, ఫించ్, విలియమ్సన్, అలవాటు చొప్పున చేతులు కలిపేశారు, కలిపాక గుర్తొచ్చి, తప్పు చేసిన బడిపిల్లల్లాగా నవ్వుకున్నారు. అది కాదు నాకు గుర్తుండిపోయింది. సిక్సరు వెళ్ళి కుర్చీల్లో పడింది. మామూలు రోజున అయితే వంద చేతులు లేస్తాయి, పట్టినవాడు ఆ బంతిని పైకెత్తి చూపిస్తాడు, తరవాత లోపలికి విసురుతాడు. ఆ రోజు ఎవరున్నారు? ఎవరూ లేరు. ఫెర్గూసన్ అని న్యూజిలాండ్ ఫాస్ట్ బౌలర్, అంతర్జాతీయ ఆటగాడు, కంచె దాటి స్టాండులోకి వెళ్ళి, కుర్చీల వరసల మధ్య వంగి వెతుక్కుని బంతి తెచ్చుకున్నాడు. మన పిల్లలు పక్క చేలో పడిన బంతి కోసం వరి దుబ్బుల మధ్య వెతుక్కోరూ, అచ్చం అలాగే. అంత పెద్ద స్టేడియమూ ఒక్క క్షణంలో మన కాలవగట్టు పక్క ఖాళీ స్థలం అయిపోయింది.

ఈ ముచ్చటకు తోక ఒకటి ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో ఐపీఎల్ పోటీలు అరబ్ దేశంలో జరిగాయి కదా, షార్జా మైదానం మరీ చిన్నది, ధోనీ కొట్టిన సిక్సరు స్టేడియం దాటి రోడ్డు మీద పడింది. దారిన పోయేవాడెవరో బంతి తీసుకుని తన దారిన తాను పోయాడు. లోపల ఒక్క ప్రేక్షకుడు లేడు. ఉన్న ఒకే ఒక్క ప్రేక్షకుడు బయట రోడ్డు మీద ఉన్నాడు, అతనూ టికెట్టు కొనలేదు.

అయితే ఖాళీ స్టాండ్లు కరోనాతో పుట్టినవని అనుకోవద్దు. 2015 ఏప్రిల్ 29న అమెరికాలో బాల్టిమోర్ నగరంలో అల్లర్ల కారణంగా తలుపులు మూసి బేస్‌బాల్ మ్యాచ్ ఆడించారు. హాజరు ఎంత అని రాసే చోట సున్నా అని రాశారు. టీవీ వ్యాఖ్యాత కూడా గోల్ఫ్ ఆటకు చెప్పినట్టు గొంతు తగ్గించి గుసగుసగా వ్యాఖ్యానం చెప్పి చూశాడు. మన దేశంలో అంతకు ముందే, 1999 ఫిబ్రవరిలో, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పాకిస్తాన్‌తో టెస్టు జరిగింది. ఇక్కడున్న పెద్దవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. పరుగు తీస్తూ సచిన్ షోయబ్ అఖ్తర్‌ను తాకడం, రనౌట్ కావడం, జనం భగ్గుమనడం. చివరి రోజు మళ్ళీ మంటలు, సీసాలు. పోలీసులు దాదాపు 65,000 మందిని స్టేడియం నుంచి బయటికి పంపించేశాక, ఆ ఖాళీ గిన్నెలాంటి మైదానంలో మిగిలిన కొద్దిపాటి ఆటా ఆడించి, పాకిస్తాన్ 46 పరుగులతో గెలిచిందని ప్రకటించారు. అదే మైదానంలో 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో జనం అల్లరికి ఆట సాగక మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారన్నదీ మరచిపోకూడదు. అంటే అప్పట్లో ఖాళీ స్టాండు శిక్ష. 2020లో అది జాగ్రత్త.

మరొక రకం ఖాళీ కూడా ఉంది, దాన్ని మనం లెక్కలోకే తీసుకోం. రంజీ మ్యాచ్‌కు ఎప్పుడైనా వెళ్ళారా? నాలుగు రోజులు దేశానికి ఆడబోయే కుర్రాళ్ళు ఎండలో చెమటోడుస్తుంటారు. చూసేవారు గొడుగు నీడన పదిమంది, అందులో నలుగురు ఆటగాళ్ళ బంధువులు. జిల్లా స్థాయి ఆడపిల్లల కబడ్డీకి నేను అంపైరుగా ఉన్నప్పుడు, మైదానం చుట్టూ ఉన్నది ఆ పిల్లల్ని తీసుకొచ్చిన టీచర్లే. వాళ్ళ ఆట ఎప్పుడూ జనం లేని ఆటే. కోట్లు తీసుకునేవాడి ముందు కుర్చీలు ఖాళీ అయితే అది వార్త అయింది, ఏళ్ళ తరబడి ఆ పిల్లల ముందు ఖాళీగా ఉంటే అది వార్త కాలేదు. ఇది నా దెప్పిపొడుపు అనుకున్నా సరే.

సరే, అసలు చప్పుడు దగ్గరికి వద్దాం. ఐపీఎల్‌లో జనం లేరు కాబట్టి రికార్డు చేసి ఉంచిన జనఘోషను టీవీలో వేశారు. ఫోరుకు ఒక కేక, సిక్సరుకు ఇంకా పెద్ద కేక, వికెట్టు పడితే మరొకటి. సెప్టెంబరు 19న మొదటి మ్యాచ్, అబుదాబీలో చెన్నైకి, ముంబైకి. మన గుంటూరు అబ్బాయి అంబటి రాయుడు 48 బంతుల్లో 71 కొట్టాడు. మా ఇంట్లో అందరం చూస్తున్నాం. రాయుడు కొట్టినప్పుడల్లా కేకలు వస్తూనే ఉన్నాయి, నాకు మాత్రం ఎక్కడో తేడాగా ఉంది. ఏమిటా తేడా అని రెండు మూడు రోజులు ఆలోచించాను. మా మనవడు చెప్పాడు: "తాతా, అరుపు లేటుగా వస్తోంది" అని.

ఎంత మంచి మాట చెప్పాడండీ! నిజంగా జనం ఉన్నచోట అరుపు ఫలితం తరవాత రాదు. ఫలితానికి ముందు వస్తుంది. బంతి గాల్లోకి లేవగానే స్టేడియమంతా "హో" అని మొదలుపెడుతుంది, ఆ "హో" పైకి వెళుతుందా, మధ్యలో విరుగుతుందా అనేదాన్ని బట్టి, కళ్ళు మూసుకుని ఉన్నవాడికి కూడా అది సిక్సరో క్యాచో తెలిసిపోతుంది. ఏటిగట్టు మీద పడుకున్నవాడికి వరద కంటికి కనిపించకముందే చెవికి తెలుస్తుంది, అవునా కాదా? అదే ఇదీను. యంత్రం దగ్గర కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? బంతి గీత దాటాక మీట నొక్కుతాడు. అతని తప్పేమీ లేదు, ఏం జరుగుతుందో అతనికి మాత్రం ముందు ఎలా తెలుస్తుంది? కానీ ముందుగా వచ్చే చప్పుడుకు, తరవాత వచ్చే చప్పుడుకు ఉన్న తేడాయే నమ్మకానికీ నటనకూ ఉన్న తేడా. సరిగ్గా క్యాచ్ జారిపోయే ఆ అర క్షణంలో వేలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టే నిశ్శబ్దం ఉంటుంది చూశారా, దాన్ని ఎవరూ రికార్డు చేసి తీసుకురాలేకపోయారు.

ఇంకొకటి. మన గోదావరి జిల్లాల వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పద్యనాటకాలు చూసి పెరిగిన ఊళ్ళు మనవి. కృష్ణుడి పాత్రధారి పద్యం అందుకుని రాగం తీస్తుంటే, ముందు వరసలోంచి "వన్స్ మోర్" అని ఒక కేక. అంతే, యుద్ధం ఆగిపోతుంది, రాయబారం ఆగిపోతుంది, ఆయన మళ్ళీ మొదటి నుంచి అందుకుంటాడు. నాటకం ఎప్పటికి ముగుస్తుందో రాసిన కవికి తెలియదు, ఆడేవాడికీ తెలియదు, చూసేవాడి చేతిలో ఉంటుంది. చూసేవాడు సరుకు కొనుక్కుపోయే ఖాతాదారు కాడు, వాడికీ అందులో ఒక వేషం ఉంది. టీవీవాళ్ళు ఆ వేషాన్ని టేపు చేత వేయించాలని చూశారు. టేపు "వన్స్ మోర్" అంటే పద్యం మళ్ళీ ఎవరు పాడతారండీ?

జర్మనీలో దీన్ని మరొక విధంగా చూశాం. 2020 మే 16న అక్కడ ఫుట్‌బాల్ మళ్ళీ మొదలైంది. డార్ట్‌మండ్ అనే ఊరి స్టేడియంలో 81,000 మంది పడతారు, దక్షిణం వైపు స్టాండులోనే దాదాపు 25,000 మంది పసుపు బట్టలు వేసుకుని నిలబడే చూస్తారు, దాన్ని పసుపు గోడ అంటారు. పక్క ఊరు షాల్కే జట్టును డార్ట్‌మండ్ 4–0తో ఓడించింది. ఓడించాక ఆటగాళ్ళు ఏం చేశారో తెలుసా? ప్రతిసారీ వెళ్ళినట్టే ఆ స్టాండు ముందుకు వెళ్ళి వరసగా నిలబడి, అక్కడ లేని జనానికి చేతులెత్తి అభివాదం చేశారు. నవ్వినవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఉత్సవ విగ్రహం ఊరేగింపుకు వెళ్ళిన రోజున కూడా గర్భగుడి ముందు నుంచి పోతూ దండం పెట్టుకోమా మనం?

ఇప్పుడు నా అసలు విషయం. ఇది చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజను 2021 డిసెంబరు 22 నుంచి 2022 ఫిబ్రవరి 25 వరకు మొత్తం బెంగళూరులో ఒక హోటల్లోనే జరిగింది. అన్ని జట్లూ అక్కడే, ఆటలన్నీ అక్కడే, జనం లేరు. మన తెలుగు టైటాన్స్ ఆడిన 22 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి. ఆ బాధ అలా ఉంచండి. నాకు ఆ సీజను ఎందుకు గుర్తంటే, టీవీలో మొదటిసారి నాకు కూత శుభ్రంగా వినిపించింది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ అని, ఊపిరి సన్నబడుతూ, గీత దగ్గరపడేసరికి ఆత్రంతో గొంతు మారుతూ. జనంతో కిటకిటలాడిన వెనకటి సీజన్లలో ఆ కూత నాకు ఏనాడూ ఇంత స్పష్టంగా వినబడలేదు. చెడుగుడు అన్నా కబడ్డీ అన్నా ఆటకు ప్రాణం కూత. కూత ఆగితే ఆటగాడు అవుటు. మరి నిండు జనంలో అంపైరుకు కూత ఎలా వినిపిస్తుంది? ఎవరైనా ఎప్పుడైనా అడిగారా ఈ ప్రశ్న? ఇరవై ఏళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. సమాధానం నేనే చెబుతాను. వినిపించదు. పెదవులు చూస్తాం, గొంతు నరం చూస్తాం, ఛాతీ ఎగరడం చూస్తాం.

చాలా ఏళ్ళ కిందట ఒక లంక ఊళ్ళో సంక్రాంతి పోటీలు. ఊరి పేరు చెప్పను, మీలో కొందరు పోల్చుకున్నా పైకి అనవద్దు. ఆ ఊరి జట్టుకు, ఏటికి ఇవతలి ఒక జట్టుకు ఫైనలు. రాత్రి పదిన్నర దాటింది, లైట్ల చుట్టూ పురుగులు, నీళ్ళు చల్లి చదును చేసిన మట్టి కోర్టు, తాడు అవతల పిల్లాజెల్లా ఊరంతా అక్కడే. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, ఆఖరి కూత ఇవతలి జట్టు కుర్రాడిది. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. వెళ్ళాడు, ఒకణ్ణి తాకాడు, తిరిగేలోపు ముగ్గురు మీద పడ్డారు. కాలు ఒకడు, నడుము ఇద్దరు. వాడు బోర్లా పడి, మోచేతుల మీద దేకుతూ చెయ్యి చాపాడు. వేళ్ళ కొసలు నడిగీత దాటాయి. అది నేను చూశాను, నాలుగడుగుల దూరంలో ఉన్నాను, గీత మీది సున్నం వాడి గోళ్ళకు అంటడం కూడా చూశాను. కానీ చెయ్యి దాటేసరికి కూత ఉందా, ఆగిందా? ముఖం మట్టిలో ఉంది. పెదవులు కనబడవు. జనం ఏమంటున్నారు? "పట్టేశాడు, పట్టేశాడు" అని ఊరు ఊరంతా ఒకే గొంతుతో. అవుటని నేను ఈల ఊదాను.

కూత ఆగిందని నాకు అనిపించింది అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. అనిపించిందా? వినపడనిది ఆగినట్టు నాకు ఎలా అనిపించింది? నేను లంచం తీసుకోలేదు, ఎవరికీ భయపడీ చెప్పలేదు. పోనీ భయం ఉందేమో, అదీ చెబుతాను. ఏరు దాటడానికి ఆ రాత్రి ఉన్నది ఒకే పంటు, ఆ పంటు ఆ ఊరివాళ్ళది. అయినా ఈల ఊదినప్పుడు పంటు సంగతి నా బుర్రలో లేదండీ, ప్రమాణం చేసి చెబుతాను. జనం నమ్మినదాన్ని నా చెవులు కూడా నమ్మేశాయి. అంతే జరిగింది. ఓడిన జట్టూ నేనూ ఒకే పంటు మీద తిరిగి వచ్చాం. అవతలి గట్టు వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడు పంటు అంచున కూర్చుని గోళ్ళలో సున్నం కడుక్కుంటున్నాడు.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకునేవాణ్ణి. కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. 2007లో ఇటలీలో కటానియా అనే చోట ఫుట్‌బాల్ గొడవల్లో ఒక పోలీసు అధికారి చనిపోయాక, భద్రత సరిగా లేని స్టేడియాల్లోకి జనాన్ని రానివ్వలేదు. అప్పటి మ్యాచుల్ని స్వీడన్‌కు చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. జనం ఉన్నప్పటికంటే జనం లేనప్పుడు రిఫరీలు సొంత ఊరి జట్టును ఎక్కువ గట్టిగా శిక్షించారని, ఆటగాళ్ళ ఆటలో మాత్రం అంత మార్పు లేదని వాళ్ళకు తేలింది. మళ్ళీ చెబుతాను వినండి: ఆడేవాడు మారలేదు, ఈల మారింది. 2020 తరవాత మరికొన్ని దేశాల ఫుట్‌బాల్ మీద జరిగిన పరిశీలనల్లో కూడా, ఖాళీ స్టేడియాల్లో బయటి జట్లకు పడే పసుపు కార్డులు తగ్గినట్టు తేలింది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2020–21 సీజనులో సొంత మైదానంలో గెలిచినవి 144 అయితే, పొరుగు మైదానంలో గెలిచినవి 153. అంతకు ముందు అక్కడ అలా ఎన్నడూ జరగలేదు. లివర్‌పూల్ జట్టు లీగ్‌లో తన సొంత మైదానంలో 68 మ్యాచులపాటు ఓటమి ఎరగకుండా ఉండి, 2021 జనవరి నుంచి అదే మైదానంలో వరసగా ఆరు ఓడిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతిదాన్నీ జనం ఖాతాలో రాసేయకూడదు. లివర్‌పూల్‌కు ఆ ఏడాది ముఖ్యమైన డిఫెండర్లు గాయపడి ఉన్నారు. మన చెన్నై టెస్టులే చూడండి. 2021 ఫిబ్రవరిలో చెపాక్‌లో ఇంగ్లండ్‌తో మొదటి టెస్టు జనం లేకుండా జరిగింది, 227 పరుగులతో ఓడిపోయాం. వారం తిరక్కుండా అదే మైదానంలో రెండో టెస్టుకు సగం జనాన్ని రానిచ్చారు, 317 పరుగులతో గెలిచాం. కోహ్లీ ఈల వేయమని జనానికి సైగ చేశాడు, అశ్విన్ సెంచరీ చేస్తే అవతలి కొసన ఉన్న మన హైదరాబాద్ సిరాజ్ తానే చేసినంత సంబరపడ్డాడు, చెపాక్ హోరెత్తిపోయింది. వినడానికి కథ బాగుంది. కానీ పిచ్ కూడా మారిందండీ. రెండో టెస్టుకు మొదటి రోజు నుంచే బంతి తిరిగింది. జనం వల్ల గెలిచామని చెప్పేవాడు ఆ మాట దాచకూడదు.

పైగా మౌనం మేలు చేసినవాళ్ళూ ఉన్నారు. రాహుల్ తెవాటియా అని రాజస్థాన్ జట్టు ఆటగాడు, 2020 సెప్టెంబరు 27న షార్జాలో, 224 లక్ష్యం ముందుండగా 23 బంతులాడి 17 పరుగులే చేశాడు. అవతలి వైపు సంజూ శాంసన్ అతనికి బ్యాటింగ్ ఇవ్వడం ఇష్టం లేక సింగిల్ కూడా వద్దన్నాడు. మా అరుగు మీద కూర్చున్నవాళ్ళం అతన్ని అనని మాట లేదు, నేనూ అన్నాను, ఇప్పుడు దాచడమెందుకు. తరవాత కాట్రెల్ వేసిన ఒక్క ఓవరులో అయిదు సిక్సర్లు కొట్టి మ్యాచ్ తిప్పేశాడు. ఆ 23 బంతులూ నిండు స్టేడియంలో ఆడి ఉంటే ఏమై ఉండేది? మా అరుగు మీది తిట్లను పాతికవేలతో గుణించి చూడండి.

జనం ఎప్పుడూ మంచివాళ్ళని నేను అనను. తండ్రి పోయినా ఇంటికి రాకుండా జట్టుతోనే ఆస్ట్రేలియాలో ఉండిపోయిన సిరాజ్‌ను, 2021 జనవరిలో, సిడ్నీలో కొద్దిపాటి జనాన్ని రానిస్తే, ఆ కొద్దిమందిలోనే కొందరు అనరాని మాటలన్నారు. ఆట ఆపి ఆరుగురిని బయటికి పంపించారు. అతను పది రోజులు తిరగకుండా బ్రిస్బేన్‌లో ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. ఆ సిడ్నీలోనే పది నెలల కిందట ఫెర్గూసన్ ఒంటరిగా బంతి వెతుక్కున్నాడని గుర్తుంచుకోండి. ఆ రెండు రోజుల్లో ఏది మెరుగు?

మన కోనసీమకు వచ్చేద్దాం. అమలాపురం అబ్బాయి రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబై అబ్బాయి చిరాగ్ శెట్టితో కలిసి టోక్యో ఒలింపిక్స్ ఆడాడు. 2021 జులై 24, శనివారం, చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చి లిన్‌తో మొదటి మ్యాచ్. 21–16, 16–21, 27–25. ఆ మూడో గేము చూసినవాళ్ళు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. హాల్లో జనం లేరు. బూట్లు నేల మీద కిచకిచలాడటం, సాత్విక్ పైకి లేచి కొడితే తుపాకి పేలినట్టు షటిల్ చప్పుడు, "నాది", "వదిలెయ్" అని వాళ్ళిద్దరూ ఒకరికొకరు వేసుకునే కేకలు. ఓడిపోయిన ఆ తైపీ జోడీయే చివరికి స్వర్ణం గెలిచింది. మనవాళ్ళు మూడింట రెండు గెలిచి కూడా గేముల లెక్కలో వెనకపడి గ్రూపు దాటలేకపోయారు. తరవాత ఎనిమిది రోజులకు మన సింధు అలాంటి ఖాళీ హాల్లోనే కంచు పతకం గెలిచింది.

టోక్యో ప్రధాన స్టేడియం గురించి ఒక విచిత్రం చెప్పి ముందుకు వెళతాను. అందులో 68,000 కుర్చీలు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, గోధుమ ఇలా అయిదు రంగుల్లో కలగాపులగంగా వేశారు. చెట్ల ఆకుల సందుల్లోంచి కింద ఎండ పడినట్టు ఉండాలని కట్టినాయన ఉద్దేశం. మన కొబ్బరితోటలో మధ్యాహ్నం నడిచినవాడికి అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కానీ దూరం నుంచి చూస్తే, ఖాళీగా ఉన్నా జనం ఉన్నట్టే కనిపిస్తుంది. జనం రాకూడదని ఎవరూ అనుకోకముందే, జనం లేరన్నది కనబడని కుర్చీలు సిద్ధమైపోయాయి. టీవీలో దూరపు దృశ్యం వచ్చినప్పుడల్లా నా కళ్ళు మోసపోయేవి.

అదే సాత్విక్, చిరాగ్ 2023 జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ గెలిచారు, జకార్తాలోని ఇస్తోరా హాల్లో. బ్యాడ్మింటన్‌కు అక్కడి జనంలాంటి జనం ఎక్కడా లేరంటారు, కొట్టిన ప్రతి దెబ్బకూ హాలంతా తాళం వేసినట్టు ఒక్క గొంతుతో కేక వేస్తారు. ఆ మ్యాచ్ నేను రెండుసార్లు చూశాను. టోక్యోలో పేలిన ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని చూశాను. జనం కేక దాన్ని మింగేసింది. కోపం రాలేదు, బాగుంది. కాని వినిపించలేదు.

ఒక్క మాట చెప్పకపోతే ఈ విషయానికి న్యాయం చేసినవాణ్ణి కాను. 2021 ఏప్రిల్, మే నెలలు మనందరికీ తెలుసు. ఆసుపత్రుల్లో మంచాల కోసం, ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనుషులు పరుగులు పెడుతుంటే, ఢిల్లీలో, అహ్మదాబాద్‌లో, ఖాళీ స్టేడియాల్లో లైట్లు వేసి ఐపీఎల్ ఆడుతూనే ఉన్నారు. మే 4న ఆపారు. ఆపేదాకా మా వీధిలో రెండు ఇళ్ళలో టీవీ ఆడింది, మిగతా ఇళ్ళలో ఆడలేదు. ఆ రెండు ఇళ్ళవాళ్ళనూ నేను తప్పు పట్టను. నాకు మాత్రం ఆ రికార్డు కేకలు వినడం చేతకాలేదు.

ఇక చివరికి వచ్చాను, టీ కూడా వచ్చినట్టుంది. 2022 సంక్రాంతి వెళ్ళిన వారం, సాయంత్రం పూట సెంటరులో టీ కొట్టు దగ్గర ప్రొ కబడ్డీ వస్తోంది. మాస్కు గడ్డం కిందికి లాక్కుని టీ తాగుతున్నాను. పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నడివయసు, పొడుగు మనిషి, కొబ్బరి వ్యాపారం. ముందు పోల్చుకోలేదు, చెయ్యి చాపి గ్లాసు అందుకున్నప్పుడు పోల్చుకున్నాను. ఆ పంటు మీద కుర్రాడు. టీవీలో రైడర్ని నలుగురు పట్టేశారు, వాడు గీత వైపు దేకుతున్నాడు, హాల్లో జనం లేరు కదా, కబడ్డీ, కబడ్డీ అని కూత సన్నగా వినిపిస్తోంది. చెయ్యి దాటింది. కూత అప్పటికీ ఉంది. రిఫరీ పాయింటు ఇచ్చాడు.

ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, ఎంతో మర్యాదగా, "నాదీ ఆగలేదండి మాస్టారూ" అన్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. గ్లాసు కింద పెట్టి, "ఆ రోజు నాకు వినపడలేదయ్యా" అన్నాను. ఈల ఊదిన ఇన్నేళ్ళకు ఆ మాట పైకి అన్నాను. ఆయన కొట్టువాడికి రెండు టీలకూ తానే డబ్బులిచ్చి, "తెలుసండి" అని లేచి వెళ్ళాడు.

నమస్కారం.